నూట పన్నెండో పేజీ అంచున

ఆదివారం. ఆబిడ్స్‌లో షట్టర్లు దించిన షాపుల ముందు
పట్టాల మీద పుస్తకాలు.
ఎండకి అట్టలు చేప పొలుసుల్లా లేస్తున్నాయి.
"ఏదైనా యాభై" అంటున్నాడు కుర్రాడు.
నవలకీ అంతే, ఆ నవలని సినిమా తీస్తే
చీల్చి చెండాడిన విమర్శకీ అంతే.
ఇన్నేళ్లలో నాకు కనిపించిన
ఒకే ఒక్క నిష్పాక్షికుడు.

ఇంజనీరింగ్ గైడ్ల కింద దొరికింది
నేను ప్రూఫులు దిద్దిన పుస్తకం.
నవలలూ నాటకాలూ తెరకెక్కిన దారి మీద
ముప్పై రెండు వ్యాసాలు, వెనకాల పదసూచి.
ఎనభై తొమ్మిదిలో, నారాయణగూడ ప్రెస్సులో
సీసం మసి గోళ్లలో ఉండగానే
అర్ధరాత్రి దాకా చదివాను.
లోపల నా పేరు లేదు.
ఉండదు. తప్పులు దొర్లితేనే
మమ్మల్ని తలుచుకుంటారు.

నూట పన్నెండో పేజీ.
విమర్శకుడు ఇక్కడ ఆగి
మూడు పేజీల దాకా కదల్లేదు.
నవలలో ఆ చోట ఉన్నది ఒక్క వాక్యం:
ఆమె ఏమీ అనలేదు.
సినిమాలో ఆమె కిటికీ ఊచ పట్టుకుని
ఒక నిట్టూర్పు విడుస్తుంది.
రచయిత రాయలేనిది దర్శకుడు విన్నాడట,
మౌనానికి అనువాదం ఇదేనట,
ఇంకా ఏవేవో, ఫ్రెంచి పేర్లతో సహా.
ఆ ఫ్రెంచి పేర్లు మాత్రం
ఒక్కటీ తప్పు పోలేదు, నాదీ పూచీ.

పక్కన అంచులో పెన్సిల్ రాత, కోడి గీతలు:

"గా నిట్టూర్పు నాది సారూ.
డైరెక్టరుది గాదు, హీరోయిన్‌ది గాదు.
అమీర్‌పేట్ల డబ్బింగు. గా దినం నాకు సర్ది.
డైలాగు లేదు గదా అని
మైకు ముంగట ఊపిరి ఇడిసిన.
ఉండనీ అన్నడు ఇంజనీరు.
బి. అండాలు, గౌలిగూడ."

దాని కింద, ఇంకో రోజు రాసినట్టుంది:

"ఆమెకు తెలుగు రాదు. నాకు వాళ్ల తెలుగు రాదు.
ఎందుకండీ, ఎందుకండీ అని
నలభై సార్లు అనిపిచ్చిన్రు.
ఇంటికి పోయి గూడ అట్లనే అన్న.
మా అమ్మ ఒకటే నవ్వుడు."

బస్తాల పక్కనే కూలబడ్డాను.
కథ గోదావరిది, ముఖం బొంబాయిది,
గొంతు గౌలిగూడది.
రీలు రీలుకీ పలక తుడిచినట్టు
ఆ గొంతులోంచి ఊరిని తుడిచారు.
ఊపిరికి యాస ఉండదు గనక
అదొక్కటీ తనిఖీ దాటిపోయింది.

అబద్ధమేమో కూడా.
పాత పుస్తకాల అంచుల్లో ఎవరైనా ఏదైనా రాస్తారు.
మరి విమర్శకుడి మూడు పేజీలకి మాత్రం సాక్షి ఎవరు?
ఆ సినిమా ప్రింటు ఎక్కడా లేదంటారు,
ఏ గోడౌన్లోనో వెనిగర్ వాసనై పోయిందంటారు.
మిగిలింది ఒక పూర్ణవిరామం,
దాని మీద ఒకరి పాండిత్యం,
దాని పక్కన ఒకరి జలుబు.
పైగా నూట పదిహేనులో
'స్వరం' కాస్తా 'స్వర్గం' అని పడితే
ఆమే కొట్టేసి దిద్దింది.
ముప్పై ఏళ్లుగా నేను చూడని తప్పు.

"లోపల గీసి ఖరాబ్ చేసిన్రు సార్,
ముప్పై ఇయ్యండి" అన్నాడు కుర్రాడు.
యాభై ఇచ్చాను. వాడికి అర్థం కాలేదు,
నేనూ చెప్పలేదు.

ఇరానీ హోటల్లో మూల బల్ల.
పదసూచి తీశాను.
'అంకం' తర్వాత 'అంతర్నాటకం'.
ఆ రెండింటి మధ్య
అకారాది క్రమంలో సరిగ్గా
ఒక మనిషి పట్టేంత సందు.
జేబులో పెన్సిల్ ఎప్పుడూ ఉంటుంది,
రిటైరైనా పోని రోగం.
చేర్పు గుర్తు పెట్టి, పైన రాశాను:
అండాలు, 112.

మరి ఆ నవల కొనలేదేం అని
అప్పుడు గుర్తొచ్చింది.
చాయ్ ఎప్పుడో చల్లారిపోయింది.
అయినా, తాగబోతూ,
ఒకసారి ఊదాను.